బొగ్గుచుక్క పెట్టిన గుడ్లు

నాసరయ్య దగ్గర ఒకప్పుడు ఒక పుంజు ఉండేదట. అది కూత పెడితే కృష్ణకి ఇవతల మూడు ఊళ్ళు, అవతల రెండు ఊళ్ళు ఉలిక్కిపడి లేచేవట. సూర్యుడు కూడా తనకేదో ఆలస్యమైపోయిందని కంగారుపడి, మొహమైనా కడుక్కోకుండా కొండెక్కేసేవాడట. ఆ ఏడాది తెల్లవారుజాములు అంత ఎర్రగా, నిద్రకళ్ళతో ఉన్నట్టు ఉండడానికి అదే కారణమట. ఇంకో పెట్ట పెట్టిన గుడ్డుని ఇంటికి తేవడానికి ఎద్దుల బండి కట్టాల్సొచ్చిందట. దాని పెంకులో ఆర్నెల్లు వడ్లు పోసుకున్నారట. ఆయన ఊరు గుండ్లరేవులో ఈ మాటలు నమ్మినవాడు ఒక్కడూ లేడు. మధ్యలో లేచి వెళ్ళినవాడూ లేడు.

అట్లాంటి మనిషికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజం చెప్పి నమ్మించాల్సిన అవసరం వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకి, అది ఎంత కష్టమైన విద్యో.

నాసరయ్య కోళ్ళ మధ్య పుట్టి కోళ్ళ మధ్య ముసలివాడైనవాడు. ఆయన పొదుగు పెట్టిన గుడ్డు మురిగిపోవడమంటూ ఉండదని చుట్టుపక్కల పేరు. పెళ్ళాం పోయాక ఉన్న ఆస్తల్లా ఒక కూతురు, ఒక ఎర్రపెట్ట సంతానం, ఇన్ని కబుర్లు. కూతురు సువర్చల పెద్ద చదువులు చదివి, పిట్టల కూతల మీద పరిశోధన చేసి, తిరిగి తిరిగి చివరికి ఏటి గట్టునే పాడుబడ్డ పంపుహౌసుని బాగుచేయించి ల్యాబు పెట్టుకుంది. దాని వెనక రెండు గదుల్లో తండ్రీ కూతుళ్ళ కాపురం. సువర్చలకి తోడుగా పనిచేసే జోయెల్ చీరాల వైపువాడు. యంత్రాలన్నీ అతని చేతిలో పుట్టినవే. సువర్చలని అక్కా అంటాడు, నాసరయ్యని బాబాయ్ అంటాడు, కోడి పులుసు వండిన రోజున నాన్నగారూ అంటాడు.

యంత్రం మొదటిసారి పలికిన రోజున సువర్చల తండ్రి దగ్గరికి గుడ్డు కోసం వచ్చింది. ఎర్రపెట్ట బుట్టలో ఊక మీద కూచుని ఉంది. నాసరయ్య దాని కిందకి చెయ్యి పోనిచ్చి, పిల్ల దిగడానికి సిద్ధంగా ఉన్న గుడ్లు ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"పాపం, దానికి తెలియదా నాన్నా?" అంది సువర్చల.

"కోడికి లెక్క రాదమ్మా. ఒక్కటి మిగిల్చామనుకో, అన్నీ ఉన్నయ్యే అనుకుద్ది. లెక్కొస్తే అది నా దగ్గరెందుకుంటది, బ్యాంకులో ఉద్యోగం చేసుకోదూ!"

గుడ్డు తీసుకెళ్ళి బల్ల మీద మెత్తటి గుడ్డలో పెట్టారు. జోయెల్ ఏదో నొక్కాడు. చిన్న స్పీకరులోంచి ఒక శబ్దం వచ్చింది. కిచకిచ కాదు, కొక్కొరోకో కాదు. నిండుకుండని వేలి కణుపుతో తట్టినట్టు, ఉంక్, ఉంక్ అని. అంతే. బల్ల మీద గుడ్డు కదిలింది. పెంకు లోపలి నుంచి టిక్ టిక్ అని జవాబొచ్చింది. చూస్తుండగానే బీట పడి, ముక్కు కొస బయటికొచ్చింది.

నాసరయ్య చెంపలు వేసుకున్నాడు. "ఏంది తల్లీ ఆ కూత? ఏ పిట్టది?"

"ఏ పిట్టదీ కాదు. అన్ని పిట్టలదీ. గుడ్డులో ఉన్న పిల్ల అమ్మని పిలుస్తుంది కదా, కోడిపిల్ల, బాతుపిల్ల, కొంగపిల్ల, చిలకపిల్ల, అన్నిటి పిలుపులూ పట్టాం. ఒక్కొక్క జాతీ తనకి తాను కలుపుకున్నదంతా ఈ యంత్రం ఒలుచుకుంటూ పోయింది, ఉల్లిపాయ ఒలిచినట్టు. చివరికి మిగిలింది ఇది. వీటన్నిటికీ మూలమైన తల్లి ఎప్పుడో, మనుషులు లేని రోజుల్లో, గుడ్డులోంచి పిలిచిన పిలుపు. మూలకూత అని పేరు పెట్టాం."

"అంత పాతదాన్ని నా ఎర్రపెట్ట గుడ్డు ఎట్టా గుర్తుపట్టింది?"

"అది మర్చిపోలేదు నాన్నా. మనమే మర్చిపోయాం, అది ఎవరి పిల్లో."

నాసరయ్య తెల్లారి ఊళ్ళోకెళ్ళి, తన కూతురు మంత్రమేస్తే ఎండిన పెంకులోంచి కూడా కోడి లేచొస్తోందని చెప్పాడు. ఆ ఒక్క కబుర్లోనే ఆయన పెద్దగా ఏమీ కలపలేదు.

కొన్నాళ్ళకి స్పీకరుని మేడ మీద పెట్టి, సాయంత్రం పూట మూలకూత వినిపించారు. మొదట కాకులొచ్చాయి. తర్వాత గోరింకలు, పాలపిట్టలు, ఏటి మీంచి కొంగలు. ఒకదాన్ని చూస్తే ఒకటి బెదిరే జాతులన్నీ పిట్టగోడ మీద పక్కపక్కన వాలి, మెడలు వంచి, చప్పుడు చేయకుండా స్పీకరు వైపే చూస్తూ కూచున్నాయి. కొన్ని దగ్గరికొచ్చి ముక్కుతో మేడ గచ్చుని గీకసాగాయి, తవ్వుతున్నట్టు. జోయెల్ ఆనందం పట్టలేక ఈల వేశాడు. ఆ ఈలకి ఒక్క పిట్టయినా ఎగరలేదు. అప్పుడు అతనికే భయం వేసింది.

కింద నాసరయ్య గావుకేక పెట్టాడు. "ఒరేయ్, ఆపండ్రా ఆ గోల!"

ఎర్రపెట్ట బుట్ట దిగి, మెట్లెక్కి, గుంపులో చేరిపోయింది. దాన్ని చంకలో పెట్టుకుని కిందకి తెచ్చినా తెల్లారేదాకా బుట్టెక్కలేదు, గుడ్లు చల్లబడిపోయాయి. ఆ పొదుగంతా మురిగిపోయింది. చేతివాసికి మచ్చ పడిందని నాసరయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"కన్నబిడ్డల్ని వదిలేసి ఎవరి బిడ్డ కోసమో పోయింది చూశావా అమ్మా," అన్నాడు కూతురితో. "నీ కూతలో ఏదో ఉంది. అది మంచో చెడో నాకు తెలవదుగానీ, ఉంది."

 ఆ మాట సువర్చల లోపల ఎక్కడో ముల్లులా దిగి ఉండిపోయింది.

ఎండలు ముదురుతుండగా ఫారెస్టు రేంజరు జీపేసుకొచ్చాడు. ఏటి మధ్య ఇసుకదిబ్బలో ఒక మొసలి గుంట తవ్వి గుడ్లు పెట్టి కప్పింది. కాలవలకి నీళ్ళు వదిలితే దిబ్బ మునిగిపోతుంది. ఆ గుడ్లు తెచ్చి పొదిగించగలరా అని అడిగాడు. సువర్చల మొహం వెలిగింది. పిలుపు విని పిల్లలన్నీ ఒక్కసారే గుడ్లు పగలగొట్టుకుని బయటపడితే, ఇలా మునిగిపోయే ప్రతి గూడునీ, ప్రతి దిబ్బనీ కాపాడొచ్చు. ఆమె యంత్రం అసలు దేనికోసమో లోకానికి తెలుస్తుంది. రేంజరు మాత్రం ఒక మాట అన్నాడు: "ఇది తేడా వస్తే మాత్రం మేడమ్, పర్మిషన్ మళ్ళీ రాదు. ల్యాబే ఉండదు."

జోయెల్ ఒడ్డున రేకుడబ్బా వాయిస్తూ తల్లి మొసలిని నీళ్ళలోనే ఆపితే, సువర్చల ఇసుకని చేత్తో తోడి, ఒక్కో గుడ్డు పైభాగాన పెన్సిలుతో చిన్న గీత పెట్టి, కదలకుండా తొట్టిలోకి చేర్చింది. ల్యాబులో ఒక గదిని వెచ్చగా చేసి, ఇసుక పళ్ళేలలో గుడ్లు సర్దారు. దానికి పొదుగు గది అని పేరు పెట్టింది నాసరయ్యే.

తెల్లగా, కోడిగుడ్డు కంటే పొడుగ్గా ఉన్న వాటిని ఆయన గుమ్మంలోంచి అనుమానంగా చూశాడు. "మొసలేంది, కోడేంది? ఈ గుడ్లకి మన కూతేం పనిచేస్తది?"

"కోడి చుట్టాలెవరనుకుంటున్నావు నాన్నా? పిట్టలు వేరే కులమేం కాదు. పాములు, తొండలు, తాబేళ్ళు, మొసళ్ళు ఉన్న పెద్ద ఇంటిపేరులోనే వీటిదీ ఒక కొమ్మ. అందులోనూ మొసలికి తొండ కంటే కోడే దగ్గర బంధువు."

"ఆఁ? ఎంత దగ్గర?"

"పెద్దమ్మ కూతురనుకో."

నాసరయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను మొసళ్ళ చుట్టాల్ని పులుసు పెట్టుకు తిన్నానన్నమాట. ఎందుకైనా మంచిది, ఇయ్యాళ్టి నుంచి ఏట్లో స్నానం బంద్!" జోయెల్ పడీపడీ నవ్వాడు. సువర్చల కూడా నవ్వింది. ముగ్గురూ కలిసి అట్లా నవ్వుకోవడం అదే ఆఖరని అప్పుడు ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ కూతురన్న మాట మాత్రం నాసరయ్య మనసులో పూర్తిగా నాటుకుపోయింది. చుట్టాల పిల్లలు ఇంటికొచ్చారు. తల్లి దగ్గర లేదు. చూసుకోవాల్సింది ఎవరు?

సువర్చల, జోయెల్ పగలంతా ఏటి మీద పడవలో తిరుగుతూ తల్లి మొసలి కదలికల్ని, దాని గొంతుని పట్టే పనిలో ఉన్నారు. వెళ్తూ నాసరయ్యకి ఒక్కటే పని చెప్పింది కూతురు: "ఇసుక ఆరిపోకుండా నీళ్ళు చిలకరించు నాన్నా, చాలు." ఆ వారమే స్పీకరు కూడా మొదలైంది. గంటకోసారి, సన్నగా, గది గోడకున్న స్పీకరు ఉంక్, ఉంక్ అంటుంది. పిలుపుకి గుడ్లు అలవాటు పడాలని.

నాసరయ్య నీళ్ళు చిలకరిస్తూ గుడ్లని పరకాయించాడు. ప్రతి గుడ్డు మీదా గీత ఉంది. ఆ గీత ఆయనకి కొత్తేం కాదు. పెట్ట చచ్చిపోయినప్పుడో, పొదుగు వదిలేసినప్పుడో మనిషి గుడ్లు పొదిగించాల్సి వస్తే, ముందు చేసే పని అదే. గుడ్డుకి ఒక పక్క గుర్తు పెడతారు, ఏది తిప్పిందీ ఏది తిప్పనిదీ తెలియడానికి. పొద్దున గుర్తు కిందకి, సాయంత్రం గుర్తు పైకి. తిప్పకపోతే లోపల పిల్ల పెంకుకి అతుక్కుని చస్తుంది. కోడి కూడా కూచున్నచోటే ముక్కుతో గుడ్లు దొర్లిస్తూ ఉంటుంది చూడండి, అందుకే. ఇక్కడేమో గీతలు పెట్టి ఊరుకున్నారు. ఒక్క గుడ్డూ తిప్పినట్టు లేదు.

"చదువుకున్న పిల్లలు, గీత గీసి మర్చిపోయారు," అనుకున్నాడు. వాళ్ళకి చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. తిరగడానికే వాళ్ళకి పొద్దు చాలడం లేదాయె. చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, ఒక్కో గుడ్డునీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా తిరగేశాడు. అవతలి పక్క తనకి ఆనవాలుగా ఒక బొగ్గుచుక్క పెట్టాడు. సాయంత్రం వాళ్ళొచ్చే వేళకి మళ్ళీ పెన్సిలు గీత పైకి తెచ్చాడు. అంత సాఫుగా చేశాడు, ఇసుక మీద వేలిగుర్తు కూడా మిగల్లేదు. రోజూ అదే పని. తిప్పుతూ తిప్పుతూ వాటికి పుంజు కథ, ఎద్దుల బండి గుడ్డు కథ చెప్పేవాడు.

ఒక్క గుడ్డు మాత్రం తెస్తున్నప్పుడే సన్నగా బీటవారింది. జోయెల్ చూసి, "ఇది పనికిరాదు బాబాయ్, ఎక్కడన్నా దూరంగా పారెయ్. చీమలు పడతాయ్," అన్నాడు. నాసరయ్యకి చేతులు రాలేదు. బీట మీద కొవ్వొత్తి కరిగించి పూసి, ఒక పాత కుండలో ఇసుక పోసి అందులో కప్పెట్టి, పొదుగు గది కిటికీ కింద, బయట గోడకి ఆనించి పెట్టాడు. అక్కడ పగలంతా ఎండ కాస్తుంది. మాపటేళ పక్కనే ఊకపొయ్యి వెచ్చదనం. బీటవారిన గుడ్డుని తిప్పకూడదు, కారిపోతుంది. అందుకని దాన్ని తిప్పలేదు. అప్పుడప్పుడూ కుండ మీద నీళ్ళు చల్లి, నాలుగు మాటలు చెప్పి వెళ్ళేవాడు.

నీళ్ళు వదిలారు. దిబ్బ మునిగింది. తల్లి మొసలి దిబ్బ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ల్యాబు కిందనే ఉన్న రేవుకి చేరింది. జాలర్లు తమ గుండ్రటి పుట్టి పడవలు దించే రేవు అది. మెట్ల మీద గడ్డం ఆనించి, ల్యాబు గోడ వైపు చూస్తూ పడుకుంటుంది. మనిషిని చూసి కదలదు. ఎవరైనా దగ్గరికొస్తే నోరు తెరుస్తుంది.

జాలర్ల పెద్ద సముద్రాలు ల్యాబు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "నాసరయ్య మావా, మీ అమ్మాయి పాట పెడతంది, మొసలొచ్చి కూకుని వింటంది. బాగానే ఉంది. మరి మేం ఏం తినాలి? పుట్టి దించి ఎన్నాళ్ళయిందో మా ఆడోళ్ళనడుగు."

"కాస్త ఓపిక పట్టరా అబ్బాయ్. పిల్లలు దిగితే తీసుకుని పోద్ది. దానిక్కూడా ఇల్లూ వాకిలీ ఉన్నయ్."

"నువ్వు చెప్పేవాటిల్లో ఇది నిజమా, కబురా?"

"నిజంరా!"

సముద్రాలు నవ్వలేదు. "నువ్వు నిజమంటే ఇంకా భయమేస్తంది మావా."

పిల్లలు దిగాల్సిన రోజులొచ్చాయి. సువర్చల మూలకూత పెంచింది. గుడ్ల కింద జోయెల్ పెట్టిన సన్నటి మైకులు ఏ చిన్న సవ్వడినైనా పట్టగలవు. అవేమీ పట్టలేదు. ఆ రోజూ లేదు. తర్వాతి రోజూ లేదు. గది బయట రేవులో తల్లి మొసలి మాత్రం ప్రతి కూతకీ తలెత్తుతోంది.

మూడో నాటి మధ్యాహ్నం సువర్చల ఒక గుడ్డుని ఇసుకలోంచి ఎత్తకుండానే పైన కోసింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. 

"ఎప్పుడో పోయాయి," అంది కత్తి కింద పెట్టి. "వేలెడంత ఎదిగి ఆగిపోయాయి. ఏ వారమో చూడు జోయెల్. మనం కూత మొదలుపెట్టిన వారమే."

"అక్కా, అట్టా అనుకోకు..."

"ఇంకెట్లా అనుకోను? ఎర్రపెట్ట గుడ్లు ఎట్లా చచ్చాయో చూశాంగా. చెవులు కూడా పుట్టని పిల్లలకి, ఎవరికీ తెలియని పాత గొంతు గంటకోసారి వినిపించాను. గుండె ఆగిపోయింది. నేనే చంపాను."

జోయెల్ పొదుగు గది తలుపు వేసి, అరుగు మీద నాసరయ్య పక్కన కూలబడ్డాడు. "ఎంత జాగ్రత్తగా తెచ్చాం బాబాయ్! ఒక్కటి కూడా తిరగబడకూడదని ప్రతి గుడ్డుకీ పైన గీత పెట్టాం. ఎట్టా తీశామో అట్టాగే పెట్టాం..."

నాసరయ్య చేతిలో చుట్ట అట్టాగే ఆగిపోయింది. "తిరగబడితే ఏమవుద్ది?"

"చచ్చిపోతుంది. మొసలిపిల్ల మొదట్లోనే పైపెంకుకి అతుక్కుంటుంది. అట్టా అతుక్కునే ఊపిరి పీలుస్తుంది. తిప్పితే ఊడిపోయి సొనలో మునిగిపోతుంది. కోడిగుడ్డుకి తిప్పాలి, దీనికి తిప్పకూడదు. అదొక్కటే తేడా."

కోడిపిల్ల అతుక్కుంటే చస్తుంది. మొసలిపిల్ల అతుక్కోకపోతే చస్తుంది. నాసరయ్య ఈ రెండు ముక్కల్నీ లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నాడో ఆయనకే తెలియదు. చుట్ట ఆరిపోయింది. చేతుల వైపు చూసుకున్నాడు. గుడ్డు పడితే పిల్లై తీరుతుందని ఊరంతా చెప్పుకున్న చేతులు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కూతురు తనే చంపానని అనుకుంటుంది, ల్యాబు మూసేస్తుంది, ఇంకెప్పుడూ పిట్ట కూత వినదు. తండ్రి మాత్రం మంచివాడుగా మిగిలిపోతాడు.

లేచి లోపలికి వెళ్ళాడు. సువర్చల స్పీకరు తీగలు ఊడదీసి చుట్టలు చుడుతోంది.

"అమ్మా, గుడ్లు నేను తిప్పాను."

"ఏ గుడ్లు?"

"మొసలియ్యి. పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి. నీ గీత కిందకి, మళ్ళీ పైకి. నీ కూత ఏ పాపమూ ఎరగదు తల్లీ. నేనే చంపాను."

సువర్చల ఆయన వైపు చూసింది. కోప్పడుతుందని అనుకున్నాడు. ఆమె నవ్వింది. 

"నాన్నా, చిన్నప్పుడు ఆవకాయ జాడీ నేను పగలగొడితే, గాలొచ్చి పడేసిందని అమ్మకి చెప్పావు గుర్తుందా? ఎటునుంచి వచ్చిందో, ఎంత లావుగా ఉందో, పోతూ పోతూ రెండు ముక్కలు ఎట్లా నంజుకుపోయిందో కూడా చెప్పావు. అమ్మ నవ్వి ఊరుకుంది." చుట్టిన తీగని బల్ల మీద పెట్టింది. "ఇది జాడీ కాదు నాన్నా. ఈసారి నా తప్పు నన్ను మొయ్యనీ."

"కబురు కాదమ్మా! మీ అమ్మ మీద ఒట్టు."

"ఎద్దుల బండి గుడ్డుక్కూడా ఆ ఒట్టే వేశావు."

"గుడ్ల కింద బొగ్గుచుక్క ఉంటది, పోయి చూడు!"

"చాలు నాన్నా. రేంజరుకి ఫోన్ చేసి చెప్పేశాను, కూతే చంపిందని. రేపొచ్చి తాళం వేస్తారు. ఆ గదిలోకి మళ్ళీ నన్ను వెళ్ళమనకు. నావల్ల కాదు."

జీవితమంతా అబద్ధాలకి కాళ్ళూ చేతులూ తగిలించి నడిపించినవాడికి, ఒక్క నిజాన్ని నిలబెట్టడం చేతకాలేదు. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాలికి కుండ తగిలింది.

కిటికీ కింద కుండ. అదే గోడ. అదే స్పీకరు అవతలివైపు. పొదుగు గదిలో గుడ్లు విన్న ప్రతి కూతా ఇదీ విన్నది. తేడా ఒక్కటే. దీన్ని తను తిప్పలేదు.

చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకొచ్చి కూతురి ముందు పెట్టాడు. "నన్ను నమ్మొద్దు. దీన్నడుగు."

"ఏంటిది?"

"బీటవారిందని పారెయ్యమన్నారే, అది. మైనం పూసి దాచాను. బీట గుడ్డుని మేం తిప్పం. మొదటి రోజు నుంచి నీ కూత కిందనే ఉంది. ఒక్కసారి పెట్టు తల్లీ. ఇది కూడా చచ్చిపోయి ఉంటే నేను చెప్పింది కబురే."

సువర్చల కదల్లేదు. జోయెల్ వచ్చి, ఊడదీసిన తీగ మళ్ళీ తగిలించాడు.

ఉంక్.

ఏమీ లేదు. ఏటి మీద గాలి.

ఉంక్, ఉంక్.

కుండలో ఇసుక కొద్దిగా కుంగింది. లోపలి నుంచి, కీచుగా, కోపంగా, స్పీకరు కంటే బలంగా వచ్చింది జవాబు. ఉంక్!

సువర్చల చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత లేచి పొదుగు గది తలుపు తీసింది. ఒక గుడ్డుని పైకెత్తి కిందవైపు చూసింది. ఇంకోటి ఎత్తింది. ప్రతి దాని కిందా నల్లటి చుక్క. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా పెట్టిన చుక్క.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాసరయ్యకి.

"చుట్టరికం చెప్పాను," అంది, గుడ్డు చేతిలో అట్లాగే పట్టుకుని. "తేడా చెప్పలేదు. అంత తెలిసిన సంగతి ఎవరికైనా చెప్పాలా అనుకున్నాను."

"నేనడగాల్సింది అమ్మా."

"అవును నాన్నా. అడగాల్సింది."

ఆ మాట ఎంత మెత్తగా అందో అంత లోతుగా దిగింది.

అప్పుడు రేవు నుంచి వినిపించింది. రాతి రోలుని గచ్చు మీద ఈడ్చినట్టు, గుండె అడుగు నుంచి వచ్చిన ఒక గురగుర. కుండలో పిల్ల ఆగి, విని, ఇంకా గట్టిగా పిలిచింది.

కుండ పట్టుకుని ముగ్గురూ మెట్లు దిగారు. జాలర్లు ఒడ్డున దూరంగా గుమిగూడారు. నాసరయ్య కూతుర్నీ జోయెల్‌నీ పైనే ఆపి, ఒక్కడే ఇసుకలోకి నడిచి, కుండని మెల్లగా వంచి, గుడ్డుని ఇసుక మీద జారనిచ్చి, వెనక్కి వచ్చాడు. మైనం పూసిన పక్క పైకి ఉండేట్టు చూసి మరీ పెట్టాడు.

మొసలి నీళ్ళలోంచి లేచొచ్చింది. గుడ్డు ముందు ఆగింది.  ఎద్దు కాలు విరవగల ఆ దవడలు తెరుచుకుని, గుడ్డుని అందుకుని, నాలికకీ అంగిలికీ మధ్య అటూ ఇటూ దొర్లించాయి. పెంకు చిట్లిన చప్పుడు ఒడ్డుదాకా వినపడింది. పళ్ళ మధ్య, పంజరంలోంచి చూస్తున్నట్టు, జానెడు పిల్ల తల బయటపెట్టింది. అరుస్తూనే ఉంది. తల్లి వెనక్కి తిరిగి, నీటిలో దిగి, పిల్లని వదిలింది.

ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. మొసలి మళ్ళీ వస్తోంది.

ఇందాక గుడ్డు పెట్టిన చోటికే వచ్చింది. ముందుకాళ్ళతో ఇసుక తవ్వింది. ఆగి విన్నది. మళ్ళీ తవ్వింది. గుంట పెద్దదైంది. లోపల ఏమీ లేదు. గుంట పక్కన గడ్డం ఆనించి, చెవి ఒగ్గి పడుకుంది. వెనక నీళ్ళలో ఒక్క పిల్ల గొంతు ఉంక్ ఉంక్‌మని పిలుస్తోంది. తల్లి మొసలి గురగురమని దానికి జవాబిస్తోంది. కానీ కదలడం లేదు.

"మళ్ళీ వచ్చిందే!" అన్నాడు సముద్రాలు. "పిల్లొస్తే పోద్దన్నావు గదా మావా?"

నాసరయ్య ఆ వట్టి గుంట వైపే చూస్తున్నాడు.

జోయెల్ నెమ్మదిగా అన్నాడు. "అక్కా, కూత చంపలేదని తేలిపోయింది. ఇప్పుడు స్పీకరుని అవతలి ఒడ్డున పెట్టామనుకో, మిగతా పిల్లలు అక్కడున్నాయనుకుని అటు పోతుంది. వీళ్ళకి రేవు ఖాళీ అవుతుంది. రేంజరు కూడా ఒప్పుకుంటాడు. ల్యాబు నిలబడుతుంది."

సువర్చల తల అడ్డంగా ఊపింది. "నాన్న కబుర్లు వినేవాళ్ళకి అవి కబుర్లని తెలుసు జోయెల్. దానికి తెలియదు. అవతల పిల్ల లేని పిలుపు నేనింకెవరికీ వినిపించను. రేపు రేంజరుకి జరిగిందంతా చెబుతాను. ల్యాబు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"మరి మా సంగతి?" అన్నాడు సముద్రాలు.

"పై రేవు నుంచి పుట్లు దించుకోండి. దారి మేం బాగుచేయిస్తాం. దీన్ని మాత్రం కొన్నాళ్ళు ఉండనివ్వండి."

సముద్రాలు మొసలి వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు. ఏమనుకున్నాడో, తన వాళ్ళని తీసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు ఏటిలో దిగుతోంది. కొంగలు గూళ్ళకి పోతున్నాయి. సువర్చల వచ్చి తండ్రి పక్కన మెట్టు మీద కూచుంది. దగ్గరగా కాదు, మరీ దూరంగానూ కాదు. కింద ఇసుకలో మొసలి చెవి ఒగ్గి, వట్టి గుంటని కాచుకుని ఉంది.

"నాన్నా," అంది, చూపు ఆ గుంట మీదే ఉంచి. "కోడికి లెక్క రాదన్నావు కదా? ఒకటి మిగిలితే, అన్నీ ఉన్నాయనుకుంటుందని?"

నాసరయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని బుట్టల కిందకి పోయాయో ఆ చేతులు, ఎన్ని గుడ్లు తీశాయో. తీసిన ప్రతిసారీ పెట్ట మెడ తిప్పి, ఆయన మొహంలోకి చూసిన చూపు ఆయనకి తెలుసు. ఎప్పుడూ తెలుసు.

"అదీ కబురేనమ్మా," అన్నాడు.